పరీక్షలయ్యాక పది రోజులు: నిద్ర, గునపం, అరిసెల పాకం

మొదటి సెమిస్టరు ఆఖరి పేపరు ఇంజనీరింగ్ డ్రాయింగు. మూడు గంటలు బల్ల మీదకి వంగి గీసి లేచేసరికి మెడ పట్టేసింది, కుడిచేతి బొటనవేలు లాగేస్తోంది, కళ్లు మూసుకున్నా గీతలే కనిపిస్తున్నాయి. విశాఖపట్నం హాస్టల్లో సంచి సర్దుకుని కోనసీమలో అమ్మమ్మగారి ఊరు చేరాను. జనవరి మొదటి వారం నుంచి కనుమ మర్నాటి దాకా సెలవులు. ప్రయాణాలు పోగా చేతికి మిగిలినవి పది రోజులు. పరీక్షల అలసట ఏ వరసలో తీరింది, ఏది పనికొచ్చింది, ఏది చెడగొట్టింది అన్నది కొలతలతో సహా రాస్తున్నాను. ఈ ఏడు కాలేజీలో చేరి, మొదటిసారి సంక్రాంతికి డెల్టాలోకి దిగే పిల్లలకి పనికొస్తుందని.

ముందు ప్రయాణం సంగతి. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. పరీక్షల టైంటేబులు అంత ముందు ఖాయం కాదు. ఖాయమైనా ఒక పేపరు వెనక్కి జరగడం మామూలే. పండగ వారం సీట్లేమో తెరిచిన పూటే నిండిపోతాయి. తత్కాల్ అయితే ముందురోజు ఉదయం ఏసీకి 10 గంటలకి, స్లీపరుకి 11 గంటలకి మొదలవుతుంది. ఆ టైముకి మనం పరీక్ష హాల్లో ఉంటాం. అంచేత టికెట్టు పని ఇంట్లోవాళ్లకి అప్పజెప్పాలి, లేదా బస్సెక్కాలి. అమలాపురానికి రైలు లేదు గనక రైల్లో వచ్చినా రాజమండ్రిలో దిగి బస్సు పట్టుకోవాల్సిందే. విశాఖ నుంచి విజయవాడ వెళ్లే బస్సులు జాతీయ రహదారి మీద జొన్నాడ దగ్గర గౌతమి దాటి రావులపాలెం వస్తాయి. అక్కడ దిగితే కొత్తపేట మీదుగా అమలాపురం బస్సులు దొరుకుతాయి. సామాను ఒక్క సంచికి కుదించండి. పుస్తకాలు తేవద్దు. నేను గణితం పుస్తకం ఒకటి తెచ్చాను. పది రోజులూ అది మేజా మీద ఉండి గుచ్చిందే తప్ప ఒక్క పేజీ తిప్పలేదు.

ఇంటికొచ్చిన మొదటి రాత్రి పద్నాలుగు గంటలు పడుకున్నాను. లేచేసరికి మధ్యాహ్నం. తలంతా దిమ్ము, ఆకలి లేదు, ఆ రాత్రి మూడింటి దాకా కన్ను మూతపడలేదు. పరీక్షల ముందు పది రోజులు రాత్రి రెండింటికి పడుకుని ఆరింటికి లేచిన ఒంటికి నిద్ర బాకీ ఉన్న మాట నిజమే. ఆ బాకీని పగటిపూట ఒక్కసారిగా తీర్చబోతే ఒంట్లో గడియారం ఇంకా వెనక్కి జరిగిపోతుంది. దాన్ని దారిలో పెట్టేది పొద్దుటి వెలుతురు. అందుకని రెండో రోజు నుంచి లేచే టైము ఒక్కటే గట్టిగా పట్టుకున్నాను. రాత్రి ఎన్నింటికి నిద్రపట్టినా ఆరున్నరకి లేపెయ్యమని అమ్మమ్మకి చెప్పాను. లేవగానే మొహం కడుక్కుని కాలవ గట్టు మీదకి. జనవరిలో డెల్టాలో మంచు దట్టంగా ఉంటుంది, ఏడున్నర దాకా కొబ్బరిచెట్ల మొదళ్లు కనిపిస్తాయి గాని తలలు కనిపించవు. ఎండ పొడవకపోయినా ఆ ఆరుబయటి వెలుతురు ఇంట్లో దీపం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, ఇరవై ముప్పై నిమిషాలు అందులో తిరిగితే చాలు.

మధ్యాహ్నం భోజనం చేశాక కళ్లు వాలిపోతాయి. అప్పుడు పడుకోవచ్చు, కాకపోతే అలారం పెట్టుకుని అరగంటే, అదీ మూడు గంటల్లోపు. గంట దాటితే గాఢనిద్రలోకి దిగిపోతాం, మధ్యలో లేస్తే మళ్లీ అదే దిమ్ము. టీ కాఫీలు మూడున్నర తర్వాత మానేశాను. ఒకసారి తాగిన కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది, సాయంత్రం ఆరింటి టీ అంటే రాత్రి పదకొండుకి కూడా అందులో సగం ఒంట్లోనే ఉందన్నమాట. ఫోను ఛార్జింగు పడగ్గదిలో కాకుండా సావిట్లో పెట్టాను. ఈ నాలుగూ కలిసి పనిచేశాయి. నాలుగో రాత్రికి పదింటికే ఆవులింతలు వచ్చాయి, అయిదో రోజు ఎవరూ లేపకుండానే ఆరింటికి మెలకువ వచ్చింది. మెడనొప్పి కూడా అప్పుడే తగ్గింది.

ఇక్కడో జాగ్రత్త. పరీక్షలు అయిన రెండో రోజో మూడో రోజో జలుబు, గొంతునొప్పి పట్టుకోవడం మా హాస్టల్లో చాలామందికి జరిగింది, నాకూ జరిగింది. ఆవిరి, వేడినీళ్లు, మిరియాల చారు, నిద్ర సరిపోయాయి. కానీ జ్వరం మూడో రోజు దాటినా, ఒళ్లునొప్పులు విపరీతంగా ఉన్నా అలసటేనని కొట్టిపారేయకూడదు. ఇది నీళ్ల దేశం, చుట్టూ కాలవలు, మురుగుబోదెలు, దోమలు. రక్తపరీక్ష చేయించుకోవాలి.

తిండి విషయంలో చేసిన పొరపాటు ఒక్క ముక్కలో చెప్తాను. నెలల తరబడి హాస్టల్ మెస్సులో తిన్న కడుపు మీద మొదటి రోజే చేపల పులుసులాంటి భారీ కూరలు, జంతికలు, నేతి సున్నుండలు వేయకూడదు. మొదటి రెండు రోజులు చారన్నం, మజ్జిగ, ఆనపకాయ కూరలాంటివి తిని, మూడో రోజు పొద్దున దిబ్బరొట్టె మొదలుపెట్టాను. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యపు రవ్వ, అడుగు మందంగా ఉన్న మూకుడు, పైన మూత, బాగా సన్నని సెగ మీద పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. సెగ పెంచితే అడుగు మాడి మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. చెరకు పానకంలో ముంచుకుని తింటే ఆ పూటకి ఇంకేం అక్కర్లేదు.

ఇక బుర్ర సంగతి. ఒళ్లు నాలుగు రోజుల్లో దారికొచ్చింది గాని, బుర్రలో పరీక్ష నడుస్తూనే ఉంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో రోజూ జవాబుల చర్చ. ఒకడు మూడో ప్రశ్న జవాబు ఇదంటాడు, ఇంకొకడు కాదంటాడు. ఆ గ్రూపుని మ్యూట్ చేస్తే చాలదు, లిస్టులో పైకి వస్తూనే ఉంటుంది. ఆర్కైవ్‌లో పడెయ్యాలి. చుట్టాలు ఎవరొచ్చినా మొదటి మాట "పరీక్షలు ఎలా రాశావమ్మా?" అనే. దానికి ఒకటే జవాబు ఖాయం చేసుకున్నాను: "రాశానండీ, ఫలితాలు వచ్చాక చెప్తాను." పెద్దవాళ్లు ప్రేమగా అడుగుతారు, ఆ జవాబుతో తృప్తి పడతారు, మాట పండగలోకి మళ్లిపోతుంది.

దీనికంటే బాగా పనిచేసింది ఇంకొకటుంది. రెండో రోజు సాయంత్రం గంటసేపు కూర్చుని, ఒక్కో పేపరుకి అరపేజీ చొప్పున, రాయలేకపోయిన ప్రశ్నలు, ఎందుకు రాయలేకపోయానో రాసిపెట్టాను. సి ప్రోగ్రామింగులో పాయింటర్లు చదివాను గాని చేత్తో రాసి చూడలేదు. గణితంలో టైము చాలలేదు, మొదటి ప్రశ్న మీదే నలభై నిమిషాలు పోయాయి. డ్రాయింగులో బల్లకి బిగించే డ్రాఫ్టరు వదులై గీతలు పక్కకి జరిగాయి, ఆ స్క్రూ హాల్లోకి వెళ్లకముందే బిగించుకోవాల్సింది. ఆ కాగితం మడిచి సంచిలో, కాలేజీ గుర్తింపు కార్డు వెనక పెట్టేశాను. రాసి దాచిన సంగతిని బుర్ర మళ్లీ మళ్లీ తిరగేయదు. రాయకుండా ఉంటే రాత్రి పడుకోగానే అదే మొదలవుతుంది.

ఆ తర్వాత పడుకోవడం మానేసి చేతులకి పని పెట్టాను. నాకు నిజంగా అలసట తీరింది అక్కడే. ఆ పనుల్లో మూడు చెప్తాను.

మొదటిది భోగి పిడకలు. వచ్చిన రోజునే మొదలుపెట్టకపోతే అవి భోగికి ఎండవు, అందుకే అలసటగా ఉన్నా దీన్ని వాయిదా వేయొద్దు. భోగి 13నో 14నో పడుతుంది. జనవరి ఎండకి పిడక పూర్తిగా ఎండటానికి అయిదారు రోజులు, మంచు ఎక్కువైతే వారం. 8వ తేదీ తర్వాత చేసినవి పచ్చిగా ఉండి మంటలో పొగే తప్ప నిప్పు రాదు. పొద్దున తీసిన పేడ కావాలి, నిలవపేడ పగులుతుంది. అందులో పొడుగు గడ్డిపరకలు ఏరేసి, బుట్టెడు పేడకి రెండు మూడు పిడికెళ్ల ఊక కలిపి చపాతీపిండిలా మెత్తగా మర్దించాలి. ఊక మరీ ఎక్కువైతే పిడక అంచులు రాలిపోతాయి. నిమ్మకాయంత ఉండ తీసుకుని, ఊక చల్లిన చెక్క మీద గారెలా తట్టి, మధ్యలో చూపుడువేలితో చిల్లు పెట్టాలి. ఎండితే చిల్లు కుంచించుకుపోతుంది గనక తాడు మందానికి రెట్టింపు ఉండాలి. రెండో రోజు సాయంత్రం తిరగెయ్యాలి. ముఖ్యమైన సంగతి: పొద్దు వాలకముందే చెక్కతో సహా చూరు కిందకి లాగెయ్యాలి. ఒక్క రాత్రి మంచులో వదిలితే రెండు రోజుల ఎండ వృథా. నేను ఒక రాత్రి మరిచిపోయాను. పొద్దున చూస్తే పైపొర మెత్తబడి కొన్నిటి మీద బూజు చుక్కలు లేచాయి. ఎండినవాటిని వేలితో కొడితే టకటకమని చప్పుడొస్తుంది. అప్పుడు కొబ్బరితాడుకి గుచ్చి దండ కట్టాలి. మరీ పల్చగా తట్టినవి గుచ్చేటప్పుడే విరుగుతాయి, అందుకని చిటికెనవేలంత మందం ఉంచుకోవాలి.

రెండోది కొబ్బరికాయ ఒలవడం. కోనసీమలో ఇది కూలీల పని, వాళ్లకి దింపు, ఒలుపు, మోత వేర్వేరు పనులు. అంబాజీపేట మార్కెట్టుకి కాయలు వెళ్లే ముందు తోటల్లో గుట్టలు పోసి ఒలుస్తారు. అలవాటున్నవాళ్లకి కాయకి మూడు నాలుగు పోట్లు చాలు. నేను పండగ ఖర్చుకి ఇంట్లో కావలసిన ఇరవై కాయలు ఒలిచాను, గంటన్నర పట్టింది. గునపం మొన పైకి ఉండేలా భూమిలో దిగ్గొట్టి ఉంటుంది, ఎత్తు మన మోకాలికి కొంచెం పైన ఉండాలి. మరీ పొట్టిదైతే నడుము పోతుంది. కాయని రెండు చేతులతో పట్టుకుని, ముచ్చిక దగ్గర, మధ్యకి కాకుండా పక్కకి జరిపి పొడవాలి. మొన పైనున్న పీచు డొక్కలోకి దిగగానే ఒంటికి అవతలి వైపుకి మెలితిప్పితే డొక్క పాయలా విచ్చుకుంటుంది. కాయ తిప్పి మళ్లీ పోటు. కాయకి పైకి తేలే మూడు అంచులుంటాయి, ఒక్కో అంచు వెంబడి పోటు వేస్తే డొక్క మూడు నాలుగు చెక్కలుగా వచ్చేస్తుంది. మధ్యలో పొడిస్తే మొన పెంకుని చీల్చి నీళ్లు కారిపోతాయి. నా మొదటి అయిదు కాయల్లో రెండు అలాగే పోయాయి. అరచేయి ఎప్పుడూ మొనకి సూటిగా ఉండకూడదు, రెండు పక్కల నుంచి పట్టుకోవాలి. పక్కన తెలిసినవాళ్లు నిలబడి చూస్తుంటేనే ఈ పనికి దిగండి. అలిసిన వేళ, చీకటి పడ్డాక అస్సలు వద్దు. పెరుమాళ్లకి కొట్టే కాయలైతే పైన పిలక వదలాలి, పిలక పోయిన కాయ దేవుడికి పనికిరాదు.

ఈ పనిలో నాకు నచ్చింది ఏమిటంటే, పరీక్షలో రాసిన తప్పు వారాలు గడిచి ఫలితాలొస్తే గాని తెలియదు. గునపం మీద చేసిన తప్పు అప్పటికప్పుడే కాళ్ల మీద నీళ్లు కారుస్తుంది. తర్వాతి కాయకి చెయ్యి దానంతటదే జరుగుతుంది. పదో కాయ దగ్గర చూసుకుంటే, గంట నుంచి పేపర్లు గుర్తే రాలేదు.

మూడోది అరిసెలు. ఇందులో ఇద్దరు కావాలి, ఒక పగలు కావాలి. భోగికి మూడు నాలుగు రోజుల ముందు చేస్తారు. సార్వా (మొదటి పంట) నూర్పిళ్లు అయ్యాయి గనక ఇంట్లో కొత్తబియ్యం ఉంటాయి. పచ్చిబియ్యమే వాడాలి, ఉప్పుడు బియ్యం పనికిరావు. కిలో బియ్యం కడిగి ఇరవైనాలుగు గంటలు నానబెట్టాము, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చి. నీళ్లు మార్చకపోతే పిండి పులుపు వాసన వేస్తుంది. మర్నాడు జల్లెడలో పోసి అరగంట వాడ్చి, తడి ఆరకముందే మరకి పట్టుకెళ్లాలి. పండగ వారం మర దగ్గర వరస పెద్దది, అక్కడ గంట నిలబడేసరికి పైబియ్యం పొడిబారిపోతాయి. అందుకని తడిగుడ్డ కప్పి పట్టుకెళ్లాను. పిండి వచ్చాక జల్లించి, గిన్నెలో చేత్తో అదిమి, మళ్లీ తడిగుడ్డ కప్పాలి. పరీక్ష ఏమిటంటే, పిడికిలితో నొక్కితే ముద్ద నిలబడాలి, వేలితో తాకితే విడిపోవాలి. పొడిపిండితో అరిసె రాదు. అంచులు పగుళ్లిస్తుంది, నూనెలో ముక్కలైపోతుంది.

బెల్లం కిలో బియ్యానికి ముప్పావు కిలో. తీపి ఎక్కువ కావాలంటే ఎనిమిది వందల గ్రాముల దాకా. ముక్కలు కొట్టి, మునిగీ మునగనట్టు ఒక గ్లాసు నీళ్లు పోసి కరిగాక తప్పకుండా వడకట్టాలి, బెల్లంలో ఇసుక ఉంటుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి తెడ్డుతో కలుపుతూ ఉండాలి. మొదట నురగ పొంగుతుంది, తర్వాత బుడగలు పెద్దవవుతాయి, తర్వాత చిక్కబడి నెమ్మదిగా పగులుతాయి. పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకుని చుక్క వేసి చూడాలి. చుక్క నీళ్లలో కరిగి పరుచుకుంటే ఇంకా కాలేదు. వేలితో దగ్గరికి తీస్తే జారుతూ తీగలా వస్తే ఇంకాస్త ఉంది. మెత్తటి ఉండగా దగ్గరికొచ్చి, పైకెత్తితే వేళ్ల మధ్యన కొంచెం సాగుతూ నిలబడితే అదే అరిసెల పాకం. ఆ ఉండ పళ్లేనికి కొడితే చప్పుడు చేసిందంటే ముదిరిపోయింది, అది పాకం ఉండలకి పనికొస్తుంది గాని అరిసెలకి కాదు.

ఈ రెండు దశలకీ మధ్య ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. నేను ప్రతి చుక్కకీ అమ్మమ్మ వంక చూస్తుంటే ఆవిడ, "నా మొహం చూస్తావేమే, పళ్లెంలో చూడు. వేలికి తెలియాలి" అంది. ఆ నిమిషంలో ఫోను మోగినా, ఎవరైనా పిలిచినా పాకం పోతుంది. బయటి సంగతి ఒక్కటి కూడా బుర్రలోకి రావడానికి చోటు లేని నిమిషం అది.

ఉండ నిలవగానే పొయ్యి మీంచి దింపెయ్యాలి. వేడి గిన్నెలోనే ఉండిపోతే దింపాక కూడా పాకం ముదురుతుంది. ఏలకుల పొడి, రెండు చెంచాల నెయ్యి, గుప్పెడు నువ్వులు వేసి, ఒకరు పిండి చేరెడు చేరెడు చల్లుతుంటే ఇంకొకరు ఆపకుండా తెడ్డుతో తిప్పాలి. పిండి ఒక్కసారి గుమ్మరిస్తే లోపల పచ్చిపిండి ఉండలు మిగిలిపోతాయి. కొలిచిన పిండి అంతా పట్టాలని లేదు, చలిమిడి తెడ్డు నుంచి నెమ్మదిగా జారే స్థితిలోనే ఆపేయాలి. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది. గిన్నెలోనే గట్టిగా అయ్యే దాకా పిండి పోస్తే, అరిసె రాయి అవుతుంది. పైన నెయ్యి రాసి మూత పెట్టి కాసేపు వదలాలి.

వేయించడంలో నూనె వేడే సగం పని. చిటికెడు చలిమిడి వేస్తే అడుగుకి వెళ్లి, మూడు నాలుగు లెక్కపెట్టేలోపు పైకి తేలాలి. వెయ్యగానే తేలితే వేడెక్కువ, అరిసె పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది. అడుగునే కూర్చుంటే వేడి చాలదు, నూనె పీల్చేసి విడిపోతుంది. నూనె రాసిన అరటాకు మీద పావు అంగుళం మందాన తట్టి, ఆకు పక్కకి వంచి నూనెలోకి జార్చాలి. వేళ్లతో ఎత్తి వెయ్యబోతే సాగిపోతుంది, చెయ్యీ కాలుతుంది. తేలాక ఒక్కసారే తిప్పాలి. ఎర్రగా రంగు రాగానే తీసి, రెండు అరిసెల చెక్కల మధ్య పెట్టి నొక్కితే నూనె గిన్నెలోకి కారుతుంది. ఆ నొక్కుడు నా వంతు. మొదట్లో భయంతో మెల్లగా నొక్కాను, మర్నాటికి ఆ అరిసెలకింద కాగితం అంతా నూనె. వేడి మీదే, గట్టిగా, చెక్క మొత్తం ఒకేసారి ఆనేలా నొక్కాలి. చల్లారితే నూనె వదలదు.

మొదటి వాయి అరిసెలు నూనెలో చెదిరిపోయాయి. పాకం కొంచెం లేతదైంది. దానికి మందు ఉంది: పక్కన మిగిలిన తడిపిండి రెండు గుప్పెళ్లు కలిపి చలిమిడిని బాగా మెదిపితే సరిపోతుంది, మాకు అలాగే సరిపోయింది. రెండో గిన్నె పాకం తిరగబడి ముదిరింది, తడుతుంటే అంచులు పగిలాయి. గోరువెచ్చటి పాలు చిలకరించి మెదిపితే మెత్తబడింది. కానీ పాలు పడినవి నిలవ ఉండవు, నాలుగు రోజుల్లో అయిపోవాలి. అరిసెలు పూర్తిగా చల్లారే దాకా ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, ఆవిరి పట్టి బూజు వస్తుంది. మా ఇంట్లో ఎండుగడ్డి పరిచి దాని మీద ఆరబెడతారు.

భోగినాడు తెల్లవారుజామున మంట. పిడకల దండలు, ఎండిన కొబ్బరిమట్టలు, విరిగిన పాత కర్ర సామాను చాలు. పచ్చిమట్టలు వేస్తే పేలి నిప్పురవ్వలు ఎగురుతాయి. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేసే అలవాటు ఈ మధ్య ఎక్కువైంది. ఆ పొగ పీల్చి అప్పుడే తగ్గిన దగ్గు మళ్లీ మొదలవుతుంది. పిల్లలు ఎంత గోల పెట్టినా వద్దని చెప్పాలి. మంట వేడికి నువ్వులనూనె రాసుకుని నిలబడి, కుంకుడుకాయతో తలంటుకుంటే ఆ రోజంతా ఒళ్లు దూదిలా ఉంటుంది.

పందేల బరుల గురించి ఒక్క మాట. డెల్టా అంతటా ఈ మూడు రోజులూ కోడిపందేలు, పక్కనే గుండాటల జూదం నడుస్తాయి, స్నేహితులు రమ్మంటారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి రాష్ట్ర జూద చట్టం రెండింటి కిందా అది నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, దుమ్ము, మైకుల హోరు, జేబులో ఫీజు డబ్బులు. మనసు తేరుకోవాలని వచ్చినవాళ్లకి అది చోటు కాదు. సెమిస్టరు ఖర్చుల డబ్బు ఒక గంటలో పోగొట్టుకుని ఇంట్లో చెప్పలేక కుమిలేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

కనుమనాడు వెళ్లాల్సింది జగ్గన్నతోట ప్రభల తీర్థానికి. అంబాజీపేట మండలంలో మొసలపల్లి దగ్గర కొబ్బరితోట అది, అక్కడ గుడి ఉండదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు ఆ తోటలోకి చేరతాయి. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ తీర్థానిదే. వెదురు చట్రానికి రంగురంగుల బట్టలు కట్టిన ప్రభలని బళ్ల మీద కాకుండా భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవ నీళ్లలో దిగి దాటి వస్తాయి. ఆ దాటడం చూడాలంటే మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరి గట్టు మీద చోటు పట్టుకోవాలి, ఆలస్యమైతే తలలే కనిపిస్తాయి. బండిని రెండు కిలోమీటర్ల ముందే తెలిసినవాళ్ల ఇంట్లో పెట్టి నడవండి, లోపలికి తీసుకెళ్తే చీకటి పడే దాకా బయటికి రాదు. ఫోన్లు సరిగ్గా కలవవు, మనవాళ్లు తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోవాలి. ప్రభలు చేల మధ్య నుంచే వస్తాయి, తమ చేలో ప్రభ నడిస్తే మంచిదని రైతులు సంతోషిస్తారు. మనం మాత్రం గట్టు మీదే నడవాలి. దాళ్వా (రెండో పంట) ఊడ్పులు అయిన మడుల్లో నారు ఇంకా వేళ్లూనకముందే తొక్కితే లేవదు.

తిరుగు ప్రయాణం కనుమ మర్నాడు పెట్టుకోకండి, బస్టాండులో నిలబడటానికి చోటుండదు. కాలేజీ ఒప్పుకుంటే ఇంకో రోజు ఆగి పొద్దుటి బస్సెక్కడం సుఖం. హాస్టల్‌కి పట్టుకెళ్లే అరిసెలు స్టీలు డబ్బాలో, అడుగున కాగితం వేసి, రెండు వరసల మధ్య అరటాకు కాకుండా పొడి కాగితమే పెట్టండి, ఆకు తడికి బూజు పడుతుంది. అలా సర్దినవి పదిహేను రోజులు ఢోకా లేకుండా ఉంటాయి. డబ్బాలో తడిచెయ్యి పెట్టొద్దని రూమ్మేట్లకి మొదటి రోజే చెప్పాలి. పాలు చిలకరించి సరిచేసిన వాయి మాత్రం ఆ డబ్బాలో కలపకండి, అవి ఇంట్లోనే అయిపోవాలి.